పన్నెండేళ్ల విస్కీకి పదేళ్లు కలిస్తే ఎంత?

డల్లాస్ నుంచో లండన్ నుంచో వచ్చిన అల్లుడు తెచ్చిచ్చిన స్కాచ్ సీసా బీరువాలో బట్టల వెనక ఏళ్ల తరబడి ఉండిపోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. సీసా మీద 12 అని అంకె వేసి ఉంటుంది. తెచ్చి పదేళ్లయింది, మూత తీయలేదు. మరి ఇప్పుడది ఇరవై రెండేళ్ల విస్కీయేనా? పాతబడే కొద్దీ రుచి పెరుగుతుందని అందరూ అంటారు కనుక, లెక్క అలాగే వేసుకునేవాళ్లు చాలామంది.

ఆ లెక్క తప్పు. అది పన్నెండేళ్ల విస్కీగానే ఉంది. మరో యాభై ఏళ్లు దాచినా పన్నెండేళ్లదే. విస్కీకి వయసొచ్చేది చెక్క పీపాలో. గాజు సీసాలోకి దించిన రోజే ఆ వయసు ఆగిపోతుంది. సింగిల్ మాల్ట్‌ను రుచి చూసి బాగోగులు తేల్చే విద్యంతా ఇక్కడే మొదలవుతుంది. లేబుల్ మీది అంకె, ఓక్ చెక్కతో ఆ ద్రవం ఎన్నేళ్లు కలిసి ఉందో మాత్రమే చెబుతుంది. ఆ సహవాసం ఎలా సాగిందో చెప్పదు. అది తెలుసుకోవాలంటే ముక్కును, నాలుకను నమ్ముకోవాలి. అవి ఎలా పనిచేస్తాయో తెలిస్తే ఇంకా మంచిది.

పీపాలోకి వెళ్లక ముందు

సింగిల్ మాల్ట్‌కు ముడిసరుకులు మూడే: బార్లీ, నీళ్లు, ఈస్ట్. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలక రాగానే వేడితో ఆరబెడతారు, మాల్ట్ అంటే ఇదే. దాన్ని మర పట్టించి, వేడినీళ్లలో కలుపుతారు. గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారి నీళ్లలోకి దిగుతుంది. ఆ తీపి నీళ్లలో ఈస్ట్ వేస్తే రెండు మూడు రోజుల్లో పులిసి బీరులాంటి ద్రవం తయారవుతుంది. దాన్ని ‘స్టిల్’ అనే పెద్ద రాగి పాత్రల్లో సాధారణంగా రెండుసార్లు కాచి ఆవిరి పట్టి చల్లబరిస్తే, సుమారు 70 శాతం ఆల్కహాల్ ఉన్న సారా వస్తుంది. నీళ్లంత తేటగా, ఏ రంగూ లేకుండా ఉంటుంది.

రంగు లేకపోయినా దానికి వాసన లేదనుకోవద్దు. పులిసేటప్పుడు ఈస్ట్ ఆల్కహాల్‌తో పాటు ఎస్టర్లనే సువాసన పదార్థాలను కూడా తయారుచేస్తుంది. వాటిలో ఐసోఎమైల్ ఎసిటేట్ ఒకటి. అరటిపండుకు ఆ వాసన ఇచ్చేది ఇదే, పనసతొన వాసనలోనూ దీనికి వాటా ఉంది. మంచి సింగిల్ మాల్ట్‌లో కనిపించే పండ్ల గుణానికి సగం పునాది ఇక్కడే పడుతుంది.

పాత్రను రాగితోనే చేయడం అలంకారానికి కాదు. ఆవిరిలో గంధక సమ్మేళనాలుంటాయి. వాటిని అలాగే వదిలేస్తే ఉడికిన క్యాబేజీ కంపు, కాలిన అగ్గిపుల్ల కంపు వస్తాయి. రాగి వాటిని పట్టి ఉంచుకుంటుంది. మెడ పొడవుగా ఉన్న పాత్రలో బరువైన ఆవిర్లు పైదాకా చేరలేక చల్లబడి మళ్లీ కిందికి జారతాయి. రాగిని మరోసారి తాకుతాయి, సారా తేలికవుతుంది. గ్లెన్‌మోరాంజీ డిస్టిలరీ పాత్రల మెడ ఐదు మీటర్లకు పైనే ఉంటుంది, దాని విస్కీ పూల వాసనతో తేలిగ్గా ఉంటుంది. మెకాలన్ పాత్రలు పొట్టివి, దాని సారా చిక్కగా, నూనె పట్టినట్టు ఉంటుంది.

ఈ పుట్టు గుణాన్ని గుర్తుపెట్టుకోవాలి. పీపా ఎంత గొప్పదైనా దీన్ని పూర్తిగా మింగేస్తే ఆ విస్కీ గాడి తప్పినట్టే.

ఓక్ చేసే మూడు పనులు

పీపా విస్కీకి కొన్ని ఇస్తుంది, కొన్ని తీసుకుంటుంది, గాలి ఆడనిస్తుంది. ఈ మూడూ వేర్వేరు వేగాలతో జరుగుతాయి. వయసు లెక్కలో తికమకంతా ఈ తేడా వల్లనే.

ఇచ్చేవి ఏమిటో ముందు చూద్దాం. ఓక్ చెక్కకు గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్ అనే పదార్థం వేడికి విడిపోతే వనిలిన్ పుడుతుంది. ఐస్‌క్రీమ్‌లో మనకు తెలిసిన వెనిల్లా వాసన దానిదే. ఓక్‌లోని లాక్టోన్లు పచ్చికొబ్బరి వాసననిస్తాయి. యూజెనాల్ లవంగం వాసననిస్తుంది. లవంగనూనెలో ప్రధాన భాగం అదే. చెక్కలోని చక్కెర జాతి పదార్థాలు మంటకు కమిలి పాకం వాసననిస్తాయి. అమెరికన్ ఓక్‌లో లాక్టోన్లు ఎక్కువ, అందుకే కొబ్బరి, వెనిల్లా. యూరోపియన్ ఓక్‌లో టానిన్లు ఎక్కువ, అందుకే వగరు, మసాలా, ముదురు రంగు.

తీసుకునే పని బొగ్గుది. అమెరికాలో బర్బన్ విస్కీ పోసే పీపాల లోపలి గోడను మంటతో కాల్చి నల్లగా చేస్తారు. ఆ బొగ్గు పొర, రాగి దగ్గర తప్పించుకున్న గంధకాన్ని పీల్చుకుంటుంది. కొత్త సారాలోని మొరటుదనం మొదటి కొన్నేళ్లలో తగ్గేది ఇలాగే.

మూడోది నిదానమైనది, నాకు మహా ఇష్టమైనది. చెక్క రంధ్రాల గుండా కొద్దికొద్దిగా ప్రాణవాయువు లోపలికి వెళుతుంది. దానితో కలిసి ఆల్కహాల్‌లో కొంత ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం మళ్లీ ఆల్కహాల్‌తోనే కలిసి కొత్త ఎస్టర్లవుతుంది. ఇరవై ఏళ్లు దాటిన విస్కీలో మగ్గిన మామిడి, అనాస, పాత తోలు, తేనెమైనం లాంటి వాసనలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. దీన్ని తొందరపెట్టే ఉపాయం లేదు. చెక్కముక్కలు వేసి రంగు తేవచ్చు, వెనిల్లా తేవచ్చు, ఈ నిదానపు మార్పును తేలేరు.

సీసాలో ఇవేవీ జరగవు. గాజు ఏమీ ఇవ్వదు, ఏమీ తీసుకోదు, గాలినీ పోనివ్వదు. బీరువాలోని పన్నెండేళ్ల సీసా పన్నెండేళ్లదిగానే ఉండిపోవడానికి కారణం అదే. మూత తీసి సగం తాగి వదిలేస్తే మాత్రం సంగతి వేరు. సీసాలో చేరిన గాలి నెలల తరబడి వాసనల్ని పలచన చేస్తుంది. దాన్ని వయసు అనుకోకూడదు.

పీపా కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఫిల్టర్ కాఫీ కాచే ఇళ్లలో మొదటి డికాక్షన్‌కీ రెండో డికాక్షన్‌కీ తేడా చెప్పనక్కర్లేదు. పీపా సంగతీ అంతే. బర్బన్‌కో షెర్రీ వైన్‌కో వాడాక మొదటిసారి స్కాచ్ పోసిన పీపా చాలా ఇస్తుంది. అదే పీపాను మూడోసారి నింపితే ఇచ్చేది చాలా తక్కువ. కనుక బలమైన పీపాలో పదేళ్లున్న విస్కీ, అలసిన పీపాలో పాతికేళ్లున్నదాని కన్నా ముదురుగా కనిపించవచ్చు. అలసిన పీపాకూ ఒక విలువ ఉంది. చెక్క గోల లేకుండా గాలి చేసే నిదానపు పనికి అది చోటిస్తుంది. ముప్ఫై, నలభై ఏళ్లు తట్టుకున్న గొప్ప విస్కీల్లో కొన్ని ఇలాంటి పీపాల నుంచే వచ్చాయి.

బర్బన్‌ను ఎప్పుడూ కొత్త పీపాలోనే నిల్వ చేయాలని అమెరికా చట్టం. ఒకసారి వాడిన పీపాలు అక్కడ మిగిలిపోతాయి, స్కాట్లాండ్ వాటిని కొనుక్కుంటుంది. ఒక్కోటి దాదాపు 200 లీటర్లు. స్పెయిన్ నుంచి వచ్చే షెర్రీ పీపాలు 500 లీటర్ల దాకా పడతాయి. షెర్రీ వైన్ పాతబడే కొద్దీ అందులో సోటోలాన్ అనే పదార్థం పెరుగుతుంది. మన మెంతులకు ఆ ప్రత్యేకమైన వాసన ఇచ్చేదీ అదే. షెర్రీ పీపాలో పెరిగిన విస్కీలో ఎండుద్రాక్ష, ఖర్జూరాల వెనక మెంతుల ఛాయ తగిలితే, అది మన ఊహ అని కొట్టిపారేయక్కర్లేదు.

[బాక్స్] లేబుల్ ఏం చెబుతోంది?
స్కాచ్ విస్కీ నిబంధనలు 2009లో ప్రస్తుత రూపానికి వచ్చాయి. వాటి ప్రకారం స్కాచ్ అనాలంటే స్కాట్లాండ్‌లోనే తయారై, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు అక్కడే ఉండాలి. సీసాలో కనీసం 40 శాతం ఆల్కహాల్ ఉండాలి. ‘సింగిల్’ అంటే ఒకే డిస్టిలరీ. ఒకే పీపా అని అర్థం కాదు. వందల పీపాలను కలిపినా అన్నీ ఒకే చోట తయారైతే అది సింగిల్ మాల్టే. లేబుల్ మీది వయసు, అలా కలిపిన పీపాల్లో అన్నిటికన్నా చిన్నదానిది. నలభై ఏళ్ల విస్కీలో ఒక్క చెంచా పన్నెండేళ్లది పడినా సీసా మీద 12 అనే వేయాలి. నీళ్లు, రంగు కోసం సాదా క్యారమెల్ తప్ప మరేదీ కలపకూడదు.

ఆవిరయ్యే వాటా

గాలి లోపలికి వెళ్లే దారిలోనే ద్రవం బయటికి పోతుంది. స్కాట్లాండ్ గోదాముల్లో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు. ఏటా రెండు శాతం అంటే కొంచెమే అనిపిస్తుంది. పాతికేళ్లు అలా పోతే పీపాలో మిగిలేది అరవై శాతం. అరవై ఏళ్లకు మూడోవంతు కూడా మిగలదు.

ఇదే పీపాను బెంగళూరుకు తెచ్చామనుకోండి. అమృత్ డిస్టిలరీ అక్కడ సింగిల్ మాల్ట్ చేస్తోంది, 2004లో దాన్ని స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేసింది. బెంగళూరు ఎండకు ఏటా 10 నుంచి 12 శాతం ఆవిరవుతుంది. పది శాతం చొప్పున లెక్కేసినా అయిదేళ్లకు నలభై శాతం పోతుంది. స్కాట్లాండ్‌లో పాతికేళ్లకు పోయేంత ఇక్కడ అయిదేళ్లలో పోతుందన్నమాట. అలాగని బెంగళూరు అయిదేళ్లు స్కాట్లాండ్ పాతికేళ్లకు సమానమని అనలేం. వేడి చెక్కలోంచి రంగును, వెనిల్లాను, లవంగాన్ని త్వరగా లాగుతుంది. గాలి చేసే నిదానపు మార్పు మాత్రం అంత తొందరగా పూర్తికాదు. మన దేశపు మంచి మాల్ట్‌లు ముదురు రంగుతో, గట్టి రుచితో, చిన్న వయసు చురుకుతో ఉండటానికి కారణం ఇదే. వాటిని స్కాచ్ వయసు కొలతతో కొలవడం అన్యాయం అంటాను నేను.

స్కాట్లాండ్‌లో చలి, తేమ ఎక్కువ. గాలిలో అప్పటికే నీరు నిండి ఉండటంతో పీపాలోంచి నీటి కన్నా ఆల్కహాల్ ఎక్కువగా పోతుంది. ఏళ్లు గడిచే కొద్దీ విస్కీ బలం తగ్గుతూ వస్తుంది. 40 శాతం కిందికి జారితే దాన్ని చట్టం విస్కీ అననివ్వదు. అందుకే పాత పీపాలను గోదాము మనుషులు తరచూ కొలిచి చూస్తుంటారు. ఇంకో ప్రమాదం చెక్కది. చురుకైన పీపాలో ఎక్కువ ఏళ్లు ఉంటే టానిన్లు పేరుకుని నాలుక పిడచగట్టే వగరు మిగులుతుంది. బార్లీ తీపి, పండ్ల వాసన అన్నీ ఆ చెక్క కిందపడి నలిగిపోతాయి. ఖరీదైన ముసలి విస్కీల్లో ఈ లోపం అరుదేమీ కాదు.

నాలుకకు తెలిసేది కొంచెమే

నాలుక పట్టేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. మిగిలిందంతా ముక్కు పనే. జలుబు చేసినప్పుడు చారు చప్పగా అనిపించడం అందరికీ తెలుసు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలున్నాయి. వాటి జన్యువులను 1991లో కనిపెట్టినందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. ఒక్కో వాసన పదార్థం కొన్ని గ్రాహకాలను ఒకేసారి తట్టి లేపుతుంది. ఏవేవి కలిసి లేచాయో చూసి మెదడు ఇది కొబ్బరి, ఇది పొగ అని తేలుస్తుంది.

వాసన ముక్కుకు చేరే దారులు రెండు. పీల్చినప్పుడు ముందు నుంచి, మింగాక గొంతు వెనక నుంచి. రెండో దారిని పరీక్షించి చూడవచ్చు. ముక్కు మూసుకుని ఒక చుక్క నోట్లో వేసుకుంటే కొంచెం తీపి, మంట తప్ప మరేదీ తెలియదు. మింగి వేళ్లు వదిలేయగానే పొగ, పండు, చెక్క అన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి. రుచి అని మనం పిలిచేది చాలామటుకు ఈ వెనకదారి వాసనే.

మంట సంగతి మరీ ఆసక్తికరం. మిరపకాయ కారాన్ని పట్టే ట్రిప్‌వీ1 అనే గ్రాహకం మన నోటి నరాల్లో ఉంది. 1997లో దాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మామూలుగా అది 42 డిగ్రీల పైన వేడి తగిలితే ‘కాలుతోంది’ అని సందేశం పంపుతుంది. ఆల్కహాల్ తగిలితే ఆ గీత 34 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. నోటి వేడి 37. అంటే మన నోటి సొంత వేడే మనకు మంటగా తెలుస్తుంది! ఒకటి రెండు గుక్కల తర్వాత ఆ నరాలు సద్దుమణుగుతాయి. అందుకే తెలిసినవాళ్లు మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోరు. నోటిని సిద్ధం చేసుకోవడానికే దాన్ని వాడి, రెండో గుక్క నుంచి తీర్పు మొదలుపెడతారు.

గ్లాసు ఆకారానికీ ఇక్కడ పని ఉంది. వెడల్పు నోరున్న గ్లాసులో వాసన చెదిరిపోతుంది. అడుగున ఉబ్బి పైన సన్నబడే గ్లాసులో అది నిలుస్తుంది. 2001లో వచ్చిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఇందుకే అంత పేరు తెచ్చుకుంది. ముక్కును అందులోకి దూర్చేయకూడదు. ఆల్కహాల్ ఆవిరి మిగతా వాసనలన్నిటినీ కప్పేస్తుంది. గ్లాసు అంచుకు కాస్త ఎడంగా ముక్కు పెట్టి, పెదవులు కొంచెం తెరిచి, చిన్నచిన్నగా పీల్చాలి.

ఒక్క చుక్క నీళ్లతో ఏమవుతుంది?

మంచి విస్కీలో నీళ్లు కలపడం పాపమని కొందరి పట్టుదల. స్కాట్లాండ్‌లో వృత్తిగా విస్కీ పరీక్షించేవాళ్లు మాత్రం నమూనాను దాదాపు 20 శాతం బలానికి వచ్చేదాకా నీళ్లు పోసి వాసన చూస్తారు. రోజుకు డజన్ల కొద్దీ నమూనాలను వాళ్లు చూసేది ముక్కుతోనే, మింగరు.

నీళ్లు చేసే మేలుకు ఒక వివరణ స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయం నుంచి 2017లో వచ్చింది. బ్యోర్న్ కార్ల్‌సన్, రాన్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నీరు, ఆల్కహాల్, గ్వాయకాల్ అణువులను కంప్యూటర్‌లో కలిపి, ఏది ఎక్కడ చేరుతుందో లెక్కగట్టారు. గ్వాయకాల్ అంటే పొగ వాసనకు మూలమైన పదార్థాల్లో ఒకటి. ఒక కొస నీటికి నచ్చుతుంది, మరో కొసకు నీరు గిట్టదు. ఆల్కహాల్ 59 శాతం దాటినప్పుడు ఆ అణువుల చుట్టూ ఆల్కహాల్ మూగి వాటిని ద్రవం లోపలే ఉంచేస్తుంది. 45 శాతం, అంతకన్నా తక్కువకు దిగినప్పుడు గ్వాయకాల్ పైకి తేలి, గాలి తగిలే ఉపరితలం దగ్గర చేరుతుంది. ముక్కుకు అందేది ఆ ఉపరితలం నుంచి లేచేదే కదా.

నీళ్లను చెంచాతోనో, ఇంజెక్షన్ సిరంజీతోనో చుక్కలుగా వేయాలి. ఎన్ని చుక్కలన్నది సీసా మీద రాసి ఉన్న బలాన్ని బట్టి ఉంటుంది. 60 శాతం దగ్గర పీపా బలంతోనే సీసాలోకి దించినదానికి ధారాళంగా పోయవచ్చు. ఇరవై అయిదేళ్లు దాటి 43 శాతానికి వచ్చినదానికి రెండు చుక్కలు చాలు, ఎక్కువైతే పలచబడి చెదిరిపోతుంది. ఐసు మాత్రం రుచి చూసే పనికి శత్రువు. చల్లబడ్డ ద్రవం నుంచి వాసన పైకి లేవదు. 46 శాతం కన్నా బలం తగ్గిన విస్కీ చలికి మసకబారుతుంది. అందులోని పెద్ద ఎస్టర్లు విడివడి తెల్లని మబ్బులా కనిపిస్తాయి. చాలా కంపెనీలు సీసాలోకి దించే ముందే చల్లబరిచి వడకట్టి ఆ ఎస్టర్లను తీసేస్తాయి. చూపుకు తేటగా ఉండటం కోసం నోటికి తగిలే చిక్కదనాన్ని కొంత వదులుకోవడం నాకైతే నచ్చదు.

లగావులిన్ 16 దగ్గరగా

స్కాట్లాండ్ పడమటి తీరంలో ఐలా అనే దీవి. దాని దక్షిణపు గట్టున 1816 నుంచి లగావులిన్ డిస్టిలరీ ఉంది. దాని పేరు మోసిన సీసా పదహారేళ్లది, 43 శాతం బలం. ఇక్కడ బార్లీని పీట్ పొగలో ఆరబెడతారు. పీట్ అంటే బురదనేలల్లో మొక్కలు వేల ఏళ్లుగా సగం కుళ్లి గడ్డకట్టిన మట్టి. దాన్ని కోసి ఎండబెట్టి కాలిస్తే వచ్చే పొగలో ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్ ఉంటాయి. అవి తడి గింజకు అంటుకుని, పులియడం, కాచడం అన్నీ దాటుకుని విస్కీ దాకా వస్తాయి.

గ్లాసులో పోయగానే వచ్చేది పొగ. అగ్గి ఆరిన తర్వాత తడి కట్టెల మీద మిగిలే పొగ అది. దాని వెంటే ఆసుపత్రి వాసన, అంటే ఫినాల్ జాతి, ఆపైన సముద్రపు నాచు. అక్కడ ఆగిపోయినవాళ్లు ‘ఇది మందు కాదు, డెట్టాల్’ అని గ్లాసు పక్కన పెట్టేస్తారు. అయిదు నిమిషాలు ఓపిక పట్టాలి. ముక్కు ఒకే వాసనకు అలవాటు పడి దాన్ని పక్కకు పెట్టేస్తుంది, అప్పుడు వెనకున్నవి బయటికొస్తాయి. ముందు వెనిల్లా, తర్వాత ఎండుద్రాక్ష, కొంచెం నారింజ తొక్క, లవంగం. నోట్లో తీపితో మొదలై మధ్యలో ఉప్పదనం తోచి, పొగతో ముగుస్తుంది. మింగిన చాలాసేపటి దాకా ఆ పొగ గొంతులో ఉంటుంది. ఎంతసేపు ఉందన్నదే కాదు, ఉన్నంతసేపూ ఇంపుగా ఉందా, చేదుగా మారిందా అన్నదీ చూడాలి.

వయసు చేసిన పని తెలియాలంటే దాని పక్కన అదే డిస్టిలరీ ఎనిమిదేళ్ల సీసా పెట్టాలి. రెండు వందల ఏళ్ల పండుగ సందర్భంగా 2016లో దాన్ని 48 శాతం బలంతో తెచ్చారు. ఎనిమిదేళ్లదానిలో పొగ పదునుగా, నిమ్మకాయలా చురుగ్గా ఉంటుంది, బార్లీ వాసన పచ్చిగా తెలుస్తుంది. పదహారేళ్లదానిలో పొగ తగ్గి, గుండ్రంగా, చెక్క తీపిలో కలిసి ఉంటుంది. ఏళ్లతో పాటు ఫినాల్‌లు తగ్గుతాయి, మిగిలినవాటి మీద చెక్క వాసన పరుచుకుంటుంది. రెండిటిలో ఏది గొప్పదంటే చెప్పలేను. పొగ కోసం ఐలాకు వెళ్లేవాడికి ఎనిమిదేళ్లది నచ్చవచ్చు, అందులో తప్పేమీ లేదు.

వాసనలను రాసుకునేటప్పుడు మన మాటలే వాడాలి. స్కాట్లాండ్‌లోని పెంట్‌లాండ్స్ పరిశోధన సంస్థ 1970ల చివర్లో విస్కీ వాసనలన్నిటినీ చక్రంలా అమర్చి ఒక పట్టిక తయారుచేసింది. అక్కడి మనుషులకు తెలిసిన పూలు, కేకులు, పొదలు అందులో ఉన్నాయి. ఎప్పుడూ వాసన చూడని హెదర్ పూల పేరు రాసుకుంటే మనకేం ఒరుగుతుంది? తాటిబెల్లం, పనస, ఎండుకొబ్బరి, జాజికాయ, మెంతులు, తడిసిన గోనెసంచి అని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత చదివినా ఆ విస్కీ గుర్తొస్తుంది. గంధకం మిగిలిపోయిన షెర్రీ పీపా విస్కీని పట్టుకోవడంలో మన ముక్కు ఒక అడుగు ముందే ఉండవచ్చు. ఇంగువ ఘాటు కూడా గంధక సమ్మేళనాలదే, దానితో మనకు చిన్నప్పటి నుంచీ పరిచయం.

కళ్లను పక్కన పెట్టడం

ముదురు తేనె రంగు చూడగానే మెదడు ‘పాతది, మంచిది’ అని ముందే తీర్పు ఇచ్చేస్తుంది. ఈ పక్షపాతం ఎంత బలమైనదో 2001లో ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు చూపించారు. తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి, వైన్ విద్య చదువుతున్న 54 మందికి ఇచ్చారు. వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. విస్కీలో క్యారమెల్ రంగు కలపడానికి చట్టమే అనుమతిస్తుంది కనుక, రంగును చూసి వయసు చెప్పడం రెండింతల ప్రమాదం. తీర్పులు ఇచ్చేవాళ్లు చాలాచోట్ల ముదురు నీలిరంగు గ్లాసులు వాడేది అందుకే. ఇంట్లో అంత ఏర్పాటు అక్కర్లేదు. మూడు గ్లాసుల్లో మూడు విస్కీలు వేరొకరి చేత పోయించుకుని, ఏ గ్లాసులో ఏముందో చెప్పొద్దంటే చాలు. లేబుల్, వయసు, ధర మూడూ ఒక్కసారిగా పక్కకు పోతాయి. ఖరీదైనదానికే ప్రతిసారీ మొదటి స్థానం రాదని అప్పుడు తెలుస్తుంది.

రుచి చూసేటప్పుడు నేను మూడింటిని చూస్తాను. సారా పుట్టుగుణం ఇంకా తెలుస్తోందా, చెక్క దానికి తోడుగా ఉందా లేక మీద పడిపోయిందా, నీటి చుక్క పడ్డాక కొత్తవి తెరుచుకున్నాయా లేక ఉన్నదే పలచబడిందా. మూడూ కుదిరిన పన్నెండేళ్లది, రెండు తప్పిన ముప్ఫై ఏళ్లదాని కన్నా నా లెక్కలో పైనే.

ధర, దాని చుట్టూ మోసం

వేలం బజారుకు ఈ లెక్కలు పట్టవు. 1926లో కాచి, 263వ నంబరు పీపాలో అరవై ఏళ్లుంచి, 1986లో సీసాల్లోకి దించిన మెకాలన్ మొత్తం 40 సీసాలే. వాటిలో ఒకటి 2023 నవంబరులో లండన్‌లో సదబీస్ వేలంలో దాదాపు 22 లక్షల పౌండ్లకు పోయింది. ఇంత డబ్బు ఉన్నచోట నకిలీలు రాకుండా ఉండవు.

2017లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటల్‌కు వచ్చిన అతిథి, 1878 నాటి మెకాలన్ అని రాసి ఉన్న సీసా నుంచి ఒక్క పెగ్గు తాగి పదివేల స్విస్ ఫ్రాంకులకు కాస్త తక్కువ చెల్లించారు. సీసా మూత, లేబుల్ చూసి అనుమానం వచ్చిన నిపుణులు బయట మాట్లాడటం మొదలుపెట్టడంతో హోటల్ వాళ్లే దాన్ని పరీక్షకు పంపారు. అది 1970-72 మధ్యది అయి ఉండే అవకాశం 95 శాతమని తేలింది. పైగా సింగిల్ మాల్ట్ కూడా కాదు, మాల్ట్‌లో ధాన్యపు విస్కీ కలిపిన బ్లెండ్. హోటల్ అతిథికి డబ్బు తిరిగిచ్చింది.

[బాక్స్] బార్లీలో అణుపరీక్షల గుర్తు
గాలిలోని కార్బన్‌లో అతి కొద్దిభాగం కార్బన్-14 అనే రేడియోధార్మిక రూపంలో ఉంటుంది. మొక్క బతికున్నంతకాలం గాలి నుంచి దాన్ని తీసుకుంటూనే ఉంటుంది. 1950ల నుంచి 1963 దాకా ఆకాశంలో జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో దాని మోతాదు దాదాపు రెట్టింపైంది. తర్వాత ఏటేటా తగ్గుతూ వస్తోంది. ఆ హెచ్చుతగ్గులు ఏ ఏడాది ఎంతో రికార్డుల్లో ఉన్నాయి. బార్లీ ఏ ఏడాది పండిందో ఆ ఏటి మోతాదు దాని చక్కెరలోకి, అక్కడి నుంచి ఆల్కహాల్‌లోకి చేరుతుంది. 1878 అని రాసిన సీసాలో బాంబుల కాలపు కార్బన్ కనిపిస్తే ఇక వాదించేదేమీ ఉండదు.

స్కాట్లాండ్‌లోని ఈస్ట్ కిల్‌బ్రైడ్‌లో విశ్వవిద్యాలయాల ఉమ్మడి పర్యావరణ పరిశోధన కేంద్రం ఉంది. 2018లో అక్కడ ఈ పద్ధతితో 55 అరుదైన సీసాలను పరీక్షించారు. వాటిలో 21 నకిలీవో, లేదా రాసిన ఏడాదిలో కాచనివో అని తేలింది. పరీక్షకు పట్టేది కొంచెమే అయినా ద్రవాన్ని బయటికి తీయక తప్పదు. సీలు తీసిన సీసాకు వేలంలో ధర పడిపోతుంది కనుక, సొంతదారుల్లో చాలామంది పరీక్షకే ఒప్పుకోరు.

ఈ చిక్కుకు ఒక మార్గాన్ని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం భౌతిక శాస్త్రవేత్తలు 2020లో చూపించారు. సీసా బయటి నుంచి లేజర్ వేస్తే, ద్రవంలోని అణువులు దాన్ని చెదరగొట్టి తమతమ గుర్తులతో వెనక్కి పంపుతాయి. ఇన్నాళ్లూ గాజు కూడా తన వెలుగును కలిపి ఆ గుర్తులను కప్పేసేది. వాళ్లు శంఖువు ఆకారపు కటకంతో కిరణాన్ని మలిచారు. గాజు దగ్గర అది వలయంలా పరుచుకుంటుంది, లోపల ద్రవంలోకి వెళ్లాక మాత్రం ఒకే చోట కేంద్రీకృతమవుతుంది. దాంతో గాజు నుంచి వచ్చే అడ్డు బాగా తగ్గి, మూత తీయకుండానే లోపలి ద్రవం రసాయన గుర్తులు చదవడానికి వీలైంది.